ఇష్యూ మీద రుమాలు వేసి పోకండి

హన్మకొండ బస్టాండ్‌లో బస్సు ఇంకా పూర్తిగా ఆగనే ఆగదు, కిటికీలోంచి సీటు మీద రుమాలు పడుతుంది. ఎవరైనా కోడ్ చదివి మార్పులు పంపగలిగే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఆ రుమాలు ఒక ఇష్యూ (సరిచేయాల్సిన తప్పో, చేయాల్సిన పనో రాసిపెట్టిన పేజీ) కింద కామెంట్ రూపంలో ఉంటుంది: "సార్, ప్లీజ్ అసైన్ దిస్ టు మీ." ఆ తర్వాత మూడు వారాలు మనిషి జాడ ఉండదు. ఆ పని నిజంగా చేయగలిగినవాళ్లు "ఎవరో పట్టుకున్నరు కదా" అనుకుని వేరేచోటికి పోతారు. బస్సులో రుమాలు వేసినోడు కనీసం ఎక్కి కూర్చుంటాడు.

వరంగల్, కరీంనగర్, బాసర వైపు కాలేజీల్లో మొదటిసారి గిట్‌హబ్ (ఈ ప్రాజెక్టుల కోడ్ ఉండే వెబ్‌సైట్) తెరిచే పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్న పోస్టు ఇది. మర్యాద అంటే మనకు చిన్నప్పటి నుంచి తెలిసింది మాట తీరు: సార్, అన్నా, గారు. ఈ ప్రాజెక్టుల్లో అది ఉన్నా లేకపోయినా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఎదుటివాళ్లు అడగబోయే నాలుగు ప్రశ్నలకు ముందే జవాబు సిద్ధం చేసుకుని వచ్చామా లేదా అన్నదే చూస్తారు. పదిసార్లు సార్ అని వాళ్ల పూట పాడు చేసినవాళ్లకన్నా, ఒక్కసారి కూడా సార్ అనకుండా సరైన లాగ్ (ప్రోగ్రామ్ తను చేసింది రాసిపెట్టే రికార్డు) పెట్టినవాళ్లనే మర్యాదస్తులు అంటారు.

ఇష్యూ తీసుకోవాలంటే వరుస ఇదీ. ముందు ఆ తప్పును మీ మెషీన్‌లో తెప్పించండి. అది రాకపోతే ఆ సంగతే రాయండి, అదీ పనికొచ్చే సమాచారమే. వచ్చిందంటే ఏ ఫైలులో, ఏ ఫంక్షన్ దగ్గర అనుకుంటున్నారో వెతకండి. అప్పుడు కామెంట్ పెట్టండి: "ఫలానా వెర్షన్‌లో ఇది నాకూ వస్తోంది, ఫలానా ఫంక్షన్ పొడవు లెక్క తప్పుతోందని అనుమానం, ఆదివారంలోగా ప్యాచ్ పంపుతా. పంపకపోతే ఎవరైనా తీసుకోవచ్చు." ప్యాచ్ అంటే తప్పును సరిచేసే కోడ్ మార్పు. కామెంట్‌లోని ఆ చివరి వాక్యం ముఖ్యం. చాలా ప్రాజెక్టుల్లో అసైన్ చేసే పద్ధతే లేదు, నేరుగా పుల్ రిక్వెస్ట్ (నా మార్పును మీ కోడ్‌లో కలపండి అనే విన్నపం) పంపడమే. ఆ సంగతి కంట్రిబ్యూటింగ్ అనే ఫైలులో రాసి ఉంటుంది. దాన్ని చదవకుండా అడిగారని మీ మొదటి కామెంట్‌లోనే తెలిసిపోతుంది.

ప్రాక్టీసు కోసం పక్కవాళ్ల ఇంటి గోడ మీద పేరు రాయడం ఇంకో జబ్బు. 2020 హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో (ఓపెన్ సోర్స్‌కు సాయం చేయమని ఏటా అక్టోబర్‌లో జరిపే కార్యక్రమం) 4 పుల్ రిక్వెస్టులకు ఒక టీషర్ట్ అన్నారు. రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయం రాసే ఫైలు) ఒక విశేషణం కలిపి పంపినవి కుప్పలుగా పడ్డాయి. నిర్వాహకులు అదే ఏడాది అక్టోబర్ 3న పద్ధతి మార్చి, పాల్గొంటామని ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టారు. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ (వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్) రిపోజిటరీకి, అంటే దాని కోడ్ ఉండే చోటికి, మళ్లీ అదే గతి పట్టింది. ఒక వీడియో పాఠంలో దాన్ని నమూనాగా చూపించారు, చూసినవాళ్లంతా తమ పేరు రీడ్‌మీలో చేర్చి పంపారు. నేర్చుకోవడం తప్పు కాదు, నేర్చుకున్న చోటు తప్పు. దానికోసమే పెట్టిన ఫస్ట్ కంట్రిబ్యూషన్స్ అనే రిపోజిటరీ ఉంది. లేదా హాస్టల్లో ఇద్దరు కూర్చుని ఒకరి రిపోజిటరీని ఇంకొకరు ఫోర్క్ చేసి (సొంత కాపీ తీసుకుని), మార్చి, పంపి, రివ్యూ చేసుకుంటే సాయంత్రానికి మొత్తం తంతు చేతికొస్తుంది.

బగ్ రిపోర్ట్ ఎట్లా ఉండాలి

మనలాంటోళ్లు ఇవ్వగలిగిన అసలైన సాయం ఇక్కడుంది. తెలుగులో రోజూ టైపు చేసేవాళ్లకు దొరికే తప్పులు ఇంగ్లీష్‌లో మాత్రమే పనిచేసేవాళ్లకు జన్మలో కనిపించవు. కానీ రిపోర్టు "తెలుగు పనిచేస్తలేదు, ప్లీజ్ ఫిక్స్, అర్జెంట్" అని వస్తే దాన్ని ఎవరూ ఏమీ చేయలేరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక డౌన్‌లోడ్ ప్రోగ్రామ్ ఉంది, పేజీ శీర్షికనే ఫైలు పేరుగా పెడుతుంది. లినక్స్‌లో పొడవాటి తెలుగు శీర్షిక వస్తే సేవ్ కాదు. ఎందుకంటే ఈఎక్స్‌టీ4లో (లినక్స్‌లో ఫైళ్లను డిస్కు మీద అమర్చే ఫైల్ సిస్టమ్) ఒక ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీష్ అక్షరానికి 1 బైట్, తెలుగు కోడ్ పాయింట్‌కు (ఒక్కో అక్షరానికీ గుర్తుకూ ఇచ్చిన నంబరు) 3. అంటే "అ" అనేదాన్ని 85 సార్లు రాస్తే సరిగ్గా 255, పేరు పడుతుంది. 86వది రాయగానే 258, పడదు. చివర చుక్క టీఎక్స్‌టీ అని 4 బైట్ల తోక ఉంటే 83 వరకే: 249కి 4 కలిపితే 253. 84 అయితే 256, ఎర్రర్ 36, "ఫైల్ నేమ్ టూ లాంగ్". పైగా మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించే "శ్రీ" లోపల నాలుగు కోడ్ పాయింట్లు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. మొత్తం 12 బైట్లు. అందుకే ఒత్తులు ఎక్కువున్న శీర్షిక నలభై అక్షరాలు దాటకముందే తన్నేయొచ్చు.

ఇదే ప్రోగ్రామ్‌ను విండోస్‌లో పరీక్షించినవాళ్లకు తప్పు కనిపించదు. అక్కడి ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో లెక్క బైట్లలో కాదు, హద్దు 255 యూటీఎఫ్-16 యూనిట్లు, తెలుగు కోడ్ పాయింట్ ఒక్కో యూనిటే. కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ పేరు రాయని రిపోర్టుకు "నా దగ్గర బాగానే ఉంది" అన్న జవాబు వచ్చి మూతపడుతుంది. అందులో డెవలపర్ తప్పేమీ లేదు.

పంపాల్సింది ఇట్లా ఉండాలి:

శీర్షిక: లినక్స్‌లో 84 తెలుగు అక్షరాల పేరుతో ఫైలు సేవ్ కావడం లేదు, ఎర్రర్ 36.
వాతావరణం: ప్రోగ్రామ్ వెర్షన్, డిస్ట్రో (ఏ రకం లినక్స్) పేరు, వెర్షన్, ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4.
చేసింది: జతచేసిన శీర్షికను (84 సార్లు "అ") కాపీ చేసి, టెక్స్ట్‌గా సేవ్ నొక్కాను.
రావాల్సింది: పేరు కుదించి అయినా ఫైలు సేవ్ కావాలి.
వచ్చింది: ఫైలు లేదు. టెర్మినల్‌లో వచ్చిన ఎర్రర్ మొత్తం కింద ఉంది.
పోల్చి చూసింది: 83 తెలుగు అక్షరాలతో సేవ్ అవుతోంది. 84 ఇంగ్లీష్ అక్షరాలతోనూ అవుతోంది.

ఆ చివరి లైను ఉంటే సగం పని అయిపోయినట్టే. కారణం బైట్ల లెక్కలో ఉందని చదివినవాళ్లకు వెంటనే తడుతుంది. ఎర్రర్‌ను స్క్రీన్‌షాట్‌గా కాక అక్షరాలుగా అతికించండి, లేకపోతే రేపు అదే తప్పు వచ్చినవాళ్లు వెతికినా దొరకదు. అతికించే ముందు మాత్రం జర పైలం: లాగ్‌లో పాస్‌వర్డ్, టోకెన్ (పాస్‌వర్డ్‌కు బదులు ప్రోగ్రామ్‌లు వాడే రహస్య కోడ్), మీ హోమ్ ఫోల్డర్ పేరు ఉంటాయి. ఒకసారి బయటపడ్డ టోకెన్‌ను కామెంట్ ఎడిట్ చేసి తీసేస్తే చాలదు, పాత ఎడిట్లు కనిపిస్తూనే ఉంటాయి. వెంటనే రద్దు చేసి కొత్తది తీసుకోవాలి.

ఇంగ్లీష్ బాగా రాదని ఆగిపోవద్దు. చిన్న వాక్యాలు చాలు. అనువాద యంత్రం వాడితే "అనువాద యంత్రంతో రాశాను" అని ఒక ముక్క రాయండి, ఎవరూ ఏమనరు.

ఆ తప్పు సెక్యూరిటీకి సంబంధించినదైతే ఇదంతా బహిరంగంగా రాయకూడదు. సెక్యూరిటీ అనే ఫైలులో ప్రైవేట్ దారి చెప్పి ఉంటుంది. అటు పంపి, వాళ్లు సరిచేసేదాకా గడువు మాట్లాడుకోవాలి. 90 రోజులు అన్నది చాలాచోట్ల నడిచే లెక్క.

రివ్యూ

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చినప్పుడు బస్తాలోంచి గుప్పెడు తీసి చూడనిదే ఎవరూ ధర కట్టరు. రకాలు కలిపి నింపిన బస్తాకు ఏ ధర కట్టాలో వాళ్లకే తెలియదు. పుల్ రిక్వెస్ట్ కూడా అంతే: ఒకదానిలో ఒకే రకం మార్పు ఉండాలి. పై ఫైలు పేరు తప్పును సరిచేస్తూ, ఎడిటర్ తనంతట తాను 40 ఫైళ్లలో ఖాళీలు సర్దేస్తే, అసలు మార్పు 6 లైన్లు ఆ గడ్డివాములో మాయమైపోతాయి. ఎడిటర్‌లో ఆటో ఫార్మాట్ ఆపి, పంపే ముందు డిఫ్ (పాత కోడ్‌కూ కొత్తదానికీ తేడా చూపేది) మొత్తం మీరే ఒకసారి చదవండి. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఒక్కో మార్పును కమిట్ అంటారు. కమిట్ మెసేజ్ మొదటి లైను 50 అక్షరాల దగ్గర ఆపడం గిట్ వాడేవాళ్ల అలవాటు. ఆ కింద ఖాళీ లైను వదిలి, ఏం మార్చారో కన్నా ఎందుకు మార్చారో రాయండి. ఏం మారిందో డిఫ్‌లో కనిపిస్తూనే ఉంటుంది.

రివ్యూ మొదలయ్యాక ఫోర్స్ పుష్ (పాత కమిట్లను చెరిపి వాటి చోట కొత్తవి పెట్టడం) చేయకండి. రివ్యూ చేసేవాళ్లు ఎక్కడిదాకా చదివారో ఆ గుర్తు పోతుంది, మళ్లీ మొదటినుంచి చదవాల్సొస్తుంది. సవరణలు కొత్త కమిట్లుగా కలపండి. చివర్లో ఒక్కటిగా చేయమంటే అప్పుడు చేయవచ్చు. లినక్స్ కెర్నెల్‌లో (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) పద్ధతి వేరు, అక్కడ ప్యాచ్ మొత్తం కొత్త వెర్షన్‌గా మళ్లీ పంపుతారు. ఏ ఊరి పద్ధతి ఆ ఊరిది.

ప్రతి కామెంట్‌కూ జవాబివ్వాలి. ఒప్పుకుంటే ఏ కమిట్‌లో సరిచేశారో చెప్పండి. ఒప్పుకోకపోతే కారణం ఒక్కసారి వివరంగా రాయండి, రెండోసారి అదే మాట గట్టిగా రాయడం వాదన కాదు. "ఇక్కడ హద్దు తప్పింది" అంటే కోడ్‌లో హద్దు తప్పిందనే. క్లాసులో నలుగురి ముందు లేపి నిలబెట్టినట్టు అనిపించడం సహజమే, కానీ ఆ వేడిలో జవాబు టైపు చేయకండి. తెల్లారి రాయండి. దీనికి రెండో వైపూ ఉంది: మన కాలేజీ క్లబ్బుల్లో ఫైనలియర్ అన్న రాసిన కోడ్‌లో తప్పు కనిపించినా సెకండియర్ పిల్లలు నోరు మెదపరు. రివ్యూ అడిగినప్పుడు తప్పు చూసి కూడా ఊరుకోవడం గౌరవం కింద లెక్కకు రాదు. ఇక ఐదుగురు క్లాస్‌మేట్లు వరుసగా వచ్చి "లుక్స్ గుడ్" అని పెట్టే దండలు మెయింటెయినర్లు (ప్రాజెక్టును నడిపేవాళ్లు) చాలా చూశారు. వాటితో విలువ పెరగకపోగా, ఆ ఆరుగురి పేర్లూ గుర్తుండిపోతాయి.

జవాబు రాకపోతే ఎంతకాలం ఆగాలి? లినక్స్ కెర్నెల్ పత్రాల్లో కనీసం ఒక వారం అని రాసి ఉంది. మిగతాచోట్లా అదే పాటిస్తే మంచిది. మనకు రాత్రి 9 అంటే చలికాలంలో బెర్లిన్‌లో సాయంత్రం 4:30, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయం 7:30. మనం కూర్చునే వేళ వాళ్లు ఆఫీసులోనో దారిలోనో ఉంటారు, ఈ పని చేసేది వాళ్ల సెలవు పూట. "నాక్కూడా" అని కామెంట్ పెట్టకుండా బొటనవేలు గుర్తు నొక్కండి. ఒక్కో కామెంట్ ఆ ఇష్యూను అనుసరించే అందరి మెయిల్‌లోకీ పోతుంది.

ఈ తొందరపెట్టడం ఎంతదాకా పోతుందో ఎక్స్‌జెడ్ వ్యవహారంలో చూశాం. చాలా లినక్స్ మెషీన్లలో ఉండే ఆ కంప్రెషన్ లైబ్రరీని ఒకాయన జీతం లేకుండా చూసుకునేవాడు. 2022లో కొన్ని ఖాతాలు ప్యాచ్‌లు ఆలస్యమవుతున్నాయని, ఇంకొకరికి అప్పగించమని మీద పడి ఒత్తిడి పెట్టాయి. అదే సమయంలో ఓపికగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించిన ఒక ఖాతాకు తాళాలు చిక్కాయి. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టింది ఆ ఖాతానే. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని మెషీన్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తవ్వి చూసి, మార్చి 29న బయటపెట్టాడు. ఒత్తిడి పెట్టిన ఆ ఖాతాలు ఒక పథకం ప్రకారమే వచ్చాయని ఇప్పుడు ఎక్కువమంది అనుమానం. మీరు చిరాకుతో రాసే "ఇంకా ఎన్ని రోజులు?" అన్న కామెంట్ ఆ గుంపులో కలిసిపోతుంది, చదివేవాళ్లకు తేడా తెలియదు.

ఏఐతో రాయించిన ప్యాచ్‌లు, రిపోర్టుల గురించి ఒక్క మాట. కర్ల్ (ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చే ప్రోగ్రామ్) ప్రాజెక్టు నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ 2024 జనవరిలోనే వీటితో వచ్చే తంటా రాశాడు: చూడ్డానికి పద్ధతిగా ఉండి, లోపల లేని తప్పును ఉందని చెప్పే సెక్యూరిటీ రిపోర్టులు. వాటిని రాయడానికి నిమిషం, కొట్టిపారేయడానికి పూట. ప్రాజెక్టు నియమాల్లో ఏఐ సంగతి ఏం రాశారో చూడండి, వాడితే వాడామని చెప్పండి. ప్రతి లైను ఎందుకుందో అడిగితే మీరే జవాబు చెప్పగలగాలి. ఆ ప్రశ్నను మళ్లీ ఏఐకి వేసి వచ్చిన జవాబు అతికిస్తే దొరికిపోతారు.

లైసెన్సు విషయంలోనూ పైలం. స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రశ్నోత్తరాల సైట్‌లోని కోడ్‌కు సీసీ బీవై-ఎస్‌ఏ లైసెన్సు (రాసినవాళ్ల పేరు చెప్పాలి, అదే లైసెన్సుతో పంచాలి) ఉంటుంది, జీపీఎల్ (మార్చి పంచితే అదే లైసెన్సుతో పంచాలి) కోడ్‌ను ఎంఐటీ (షరతులు చాలా తక్కువ) లైసెన్సు ఉన్న ప్రాజెక్టులో అతికించడం కుదరదు. గిట్ కమిట్‌కు మైనస్ ఎస్ పెడితే చేరే "సైన్డ్ ఆఫ్ బై" లైను అలంకారం కాదు, ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని మీ పేరుతో చేసే ప్రకటన. 2004 నుంచి కెర్నెల్‌లో ఉన్న పద్ధతి. మడికొండ ఐటీ పార్కులోనో కరీంనగర్ ఐటీ టవర్‌లోనో ఉద్యోగం చేస్తున్నవాళ్లైతే ఆఫర్ లెటర్‌తో పాటు సంతకం పెట్టిన కాగితాలు తీసి, సొంత టైములో రాసిన కోడ్ ఎవరిదని ఉందో చదివాకే సైన్ చేయండి.

తెలుగు చేసేవాళ్ల లొల్లి

ప్రోగ్రామ్‌లను తెలుగులోకి తెచ్చే అనువాదాల్లో గొడవలు ఎక్కువగా మాటల మీదే. ఫైలు అనాలా, దస్త్రం అనాలా? సెట్టింగులా, అమరికలా? దీనికి తీర్పు ఇవ్వడం నా పని కాదు (నేనైతే ఫైలు అనే అంటాను). ఒకరు ఖాయం చేసిన అనువాదాన్ని ఇంకొకరు రాత్రికి రాత్రి దిద్దేయడం మాత్రం తప్పు. ముందు పదకోశంలో సూచన పెట్టండి, ఆ మాట ఎన్ని చోట్ల మారాలో లెక్క చెప్పండి, వారం ఆగండి. మారిస్తే అన్నిచోట్లా మార్చండి. ఒక మెనూలో ఫైలు, పక్క మెనూలో దస్త్రం ఉంటే వాడేవాళ్లు అవి రెండు వేర్వేరు వస్తువులనుకుంటారు. "కోస్తా తెలుగు", "తెలంగాణ తెలుగు" అని ఎత్తిపొడిచే మాటలు ఈ చర్చలోకి రానీయొద్దు. బటన్ మీద 12 అక్షరాలే పడతాయి, అక్కడ యాస నిరూపించుకునే చోటు లేదు.

యంత్రంతో వెయ్యి వాక్యాలు ఒకేసారి దింపడం మరీ పెద్ద తప్పు. ఎందుకో ఒక్క ఉదాహరణ చాలు. వాక్యంలో ఊరి పేరు వచ్చే చోట ఒక గుర్తు ఉంటుంది, దాని వెనక "లో" అని అంటిస్తారు. హన్మకొండ అయితే "హన్మకొండలో", బాగుంది. కరీంనగర్ అయితే ఆ పొల్లు కింద ల ఒత్తు చేరి "కరీంనగర్లో" అవుతుంది. "లో" ముందు జెడ్‌డబ్ల్యూఎన్‌జే, అంటే కనిపించకుండా అక్షరాలను విడదీసే 200సి నంబరు కోడ్ పాయింట్ పెడితే "కరీంనగర్‌లో" అని విడిగా నిలుస్తుంది. అచ్చుతో ముగిసే పేర్ల వెనక అదే ఉన్నా నష్టం లేదు. రెండు గుర్తులున్న వాక్యాల్లో ఇంకో చిక్కు: ఇంగ్లీష్ వరుస మనకు తిరగబడుతుంది, కాబట్టి గుర్తులకు ఒకటి, రెండు అని నంబర్లు ఇవ్వాలి. ఉత్తినే చోట్లు మారిస్తే సంఖ్య రావాల్సిన చోట పేరు వచ్చి ప్రోగ్రామ్ కూలిపోవచ్చు. ఇవన్నీ ప్రోగ్రామ్ తెరిచి ఆ పేజీ దాకా వెళ్లి చూస్తేనే తెలుస్తాయి.

మనుషులతో

కమిట్ లాగ్‌లో చాలామంది ఈమెయిల్ కనిపిస్తుంది. అది ప్యాచ్ కోసం ఉన్నది. దాన్ని పట్టుకుని లింక్డ్‌ఇన్‌లో, ఇన్‌స్టాలో వెతికి "హాయ్ మేడమ్, మీది ఏ ఊరు" అని పంపడం ప్రాజెక్టుల్లోంచి ఆడవాళ్లు వెళ్లిపోవడానికి ఒక కారణం. ప్రాజెక్టు ప్రశ్న ప్రాజెక్టులోనే అడగాలి. ఇంటిపేరు అడిగి కులం లాగడం, ర్యాంకు అడిగి మనిషిని తూచడం కూడా ఈ కోవలోవే. తెలుగులో రాస్తే ఎవరికీ అర్థం కాదులే అని వేసే జోకులు కూడా అర్థమవుతాయి, బటన్ నొక్కితే అనువాదం వస్తుంది.

ప్రవర్తనా నియమావళిగా చాలా ప్రాజెక్టులు వాడేది కోరలైన్ అడా ఎమ్కే 2014లో మొదలుపెట్టిన కంట్రిబ్యూటర్ కవనెంట్. "కోడ్ మంచిగ రాస్తడు, నోరు అంతే" అన్న మినహాయింపు పాతబడింది. 2018 సెప్టెంబరులో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ అంతటివాడు తన మాట తీరుకు క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. కెర్నెల్ ఆ నెలలోనే ఈ నియమావళిని తీసుకుంది.

ఫిర్యాదు చేయాలంటే బహిరంగంగా రాయకండి, నియమావళి చివర ఇచ్చిన చిరునామాకు పంపండి. ఎప్పుడు జరిగింది (మన టైమా, ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీనా స్పష్టంగా), ఎక్కడ జరిగింది, లింకు, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, చూసినవాళ్లు ఎవరు, ఇంకా జరుగుతోందా. మీ అభిప్రాయం చివర ఒక పేరాలో విడిగా రాయండి. లింకు మాయం కావచ్చు, స్క్రీన్‌షాట్ ముందే తీసి పెట్టుకోండి. కవనెంట్ 2.0 ప్రకారం శిక్షకు నాలుగు మెట్లు: దిద్దుబాటు, హెచ్చరిక, తాత్కాలిక నిషేధం, శాశ్వత నిషేధం. హెచ్చరిక మెట్టు మీద ఉన్నప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లను బయట సోషల్ మీడియాలో పలకరించినా ఉల్లంఘన కిందికే వస్తుంది. "సారీ చెప్దామని మెసేజ్ పెట్టిన" అన్నది అక్కడ పనిచేయదు. మీ మీదే ఫిర్యాదు వస్తే అడిగినదానికి జవాబు చెప్పి ఆగండి. ఎవరు చెప్పారో కూపీ లాగడం మొదలుపెడితే చిన్న కేసు పెద్దదవుతుంది.

మేలో ఫైనలియర్ పిల్లలు వెళ్లిపోతారు. క్లబ్బు రిపోజిటరీకి అడ్మిన్ ఒక్కరే ఉండి, ఆ ఒక్కరి టూ ఫ్యాక్టర్ కోడ్లు (లాగిన్‌కు పాస్‌వర్డ్‌తో పాటు అడిగేవి) పాత ఫోన్‌లోనే ఉండి, ఆ ఫోన్ కాస్తా మార్చేస్తే ఆ ప్రాజెక్టుకు తాళం పడినట్టే. కాబట్టి జనవరిలోనే రెండో అడ్మిన్‌ను, వీలైతే సెకండియర్ నుంచి, చేర్చండి. రికవరీ కోడ్లు ప్రింట్ తీసి ఫ్యాకల్టీ ఇన్‌చార్జి దగ్గర కవర్లో పెట్టండి. ప్యాకేజీ పబ్లిష్ చేసే టోకెన్లు మీ పేరు మీదున్నవి రద్దు చేసి, కొత్తవాళ్ల పేరు మీద తీయించండి. డొమైన్ ఎవరి కార్డు మీద రెన్యూ అవుతుందో, ఏ తేదీనో ఒక ఫైలులో రాయండి. మెయింటెయినర్స్ అనే ఫైలులో మీ పేరును పూర్వ సభ్యుల వరుసలోకి మార్చి, మీ పేరు మీద మిగిలిన ఇష్యూలన్నీ అన్‌అసైన్ చేయండి. మీ రుమాలు మీరే తీసుకుపోవాలి.